కొత్త పంట వైన్లను భోజనంతో కలిపి రుచి చూశాక మీకు చెప్పవలసినవి

మా దగ్గర వైన్ తీసుకునే వారందరికీ నమస్కారం. మేము తెచ్చే సేంద్రియ వైన్లన్నీ ఒకే కుటుంబం తమ చేతులతో సాగుచేసుకునే ద్రాక్షతోట నుంచి వస్తాయని మీలో చాలామందికి తెలుసు. ఆ తోట కొత్త పంట సీసాలు ఇప్పుడు మా వద్దకు చేరాయి. అమ్మకానికి పెట్టే ముందు ఈసారి వాటిని వట్టిగా చప్పరించి ఊరుకోకుండా, ఒక్కొక్కదాన్నీ రకరకాల వంటకాలతో కలిపి రుచి చూశాం. ఆ పరీక్ష తరువాత మా జాబితాలోంచి ఒక వైన్‌ను తీసివేశాం, మరొకదాన్ని కొంతకాలం ఆపి ఉంచాలని నిర్ణయించాం. ఇందుకు కారణాలు మీకు దాపరికం లేకుండా చెప్పడం మా బాధ్యత.

ముందుగా, ఈసారి సీసాలు ఎందుకు తక్కువగా వచ్చాయో చెప్పాలి. పూత సమయంలో ఎడతెరిపి లేని వానలు పడి తోటకు బూజు తెగులు సోకింది. సాధారణ సాగులో అయితే ఆకులోకి ఇంకి మొక్కంతా పాకే అంతర్వాహిక మందులు కొట్టి దాన్ని అదుపు చేస్తారు. సేంద్రియ సాగులో ఆ వెసులుబాటు లేదు. అక్కడ ప్రధానంగా ఆధారపడేది రాగి లవణమైన మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మీదనే. ఫ్రాన్సులోని మెదోక్ ప్రాంతంలో దారిపక్క తీగలపై దొంగలు చేయి వేయకుండా రైతులు ఈ నీలిరంగు మిశ్రమాన్ని చల్లేవారనీ, అలా చల్లిన తీగలకు తెగులు రాకపోవడాన్ని 1882లో పియెర్ మిలార్దే అనే శాస్త్రవేత్త గమనించి, 1885లో ఆ విధానాన్ని ప్రకటించారనీ చరిత్ర చెబుతుంది. అయితే ఇది ఆకు పైపైన మాత్రమే ఉండే మందు కనుక గట్టి వాన పడితే కడుక్కుపోతుంది, మళ్లీ కొట్టవలసి వస్తుంది. రాగి నేలలో పేరుకుపోయే లోహం కనుక ఇష్టం వచ్చినంత కొట్టడానికీ వీలు లేదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగికి మించకూడదు. ఆ కుటుంబం తమ పరిమితిని దాటకుండా, తెగులు తగిలిన గుత్తులను కోత సమయంలో చేత్తో ఏరి పారేసింది. మీకు ఇష్టమైన సీసా దొరకకపోతే దానికి కారణం ఇదే.

ఇక సేంద్రియం అన్న ముద్ర గురించి. చాలామంది ఆ మాట చూసి అది రుచికి హామీ అనుకుంటారు. అమ్ముకునేవారిగా ఆ భ్రమను అలాగే ఉంచడం మాకు లాభమే గాని, అది నిజం కాదు. ఆ ముద్ర తోటలో ఏ మందులు వాడలేదో, మట్టిని ఎలా చూసుకున్నారో చెబుతుంది. రసాయనాలు మానేసిన తరువాత కనీసం మూడేళ్లు గడిస్తే గాని ఐరోపాలో ఆ ద్రాక్షకు సేంద్రియ గుర్తింపు రాదు. వైన్ తయారీ వరకూ నిబంధనలు రావడం మరీ ఇటీవలి సంగతి. 2012 ఆగస్టు వరకు ఐరోపాలో చట్టరీత్యా సేంద్రియ వైన్ అనేదే లేదు, సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్ మాత్రమే ఉండేది. ఆ తరువాత వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్లకు కూడా తక్కువ పరిమితి పెట్టారు: చక్కెర మిగలని ఎర్ర వైన్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాములు, తెల్ల వైన్‌లోనూ, గులాబీరంగులో ఉండే రోజే వైన్‌లోనూ 150. సాధారణ వైన్లకు ఆ పరిమితులు 150, 200. అమెరికాలో నియమం ఇంకా కఠినం. అక్కడ సీసా మీద సేంద్రియ వైన్ అని రాయాలంటే సల్ఫైట్లు అసలు కలపకూడదు. కాబట్టి ఒకే మాట రెండు ప్రాంతాల సీసాల మీద రెండు వేర్వేరు విషయాలు చెబుతుంది.

సల్ఫైట్ల వల్లే తలనొప్పి వస్తుందని, మా వైన్ తాగితే అది రాదని మేము అంటామేమోనని కొందరు ఎదురుచూస్తారు. అలా అనలేము. ఎండబెట్టిన ఆప్రికాట్లలో వైన్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సల్ఫైట్లు ఉంటాయి, వాటిని తిని తలనొప్పి అనేవారు అరుదు. సల్ఫైట్లు పడని వారు, ముఖ్యంగా కొందరు ఉబ్బస రోగులు, జాగ్రత్త పడవలసిందే, అది వేరే సంగతి. ఎర్ర వైన్ తలనొప్పికి ద్రాక్ష తొక్కలోని క్వెర్సెటిన్ అనే పదార్థం కారణం కావచ్చునని 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. అది ప్రయోగశాలలో తేలిన సూచన, మనుషుల మీద నిరూపణ జరగవలసి ఉంది. సేంద్రియమైనంత మాత్రాన మద్యం మద్యం కాకుండా పోదు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఆరోగ్యం పేరు చెప్పి మేము ఒక్క సీసా కూడా అమ్మము.

భోజనంతో కలిపి చూడాలని ఎందుకు అనుకున్నామంటే, వైన్‌ను వట్టిగా రుచి చూసినప్పుడు మనసుకు పట్టేవి ఎక్కువగా దాని వాసన, బరువు, తీపి ఛాయ. పళ్లెం ముందుకు రాగానే తీర్పు తారుమారవుతుంది. ఒక నిమ్మబద్ద నాకి వైన్ గుటక వేస్తే అదే వైన్ ముందుకంటే మెత్తగా, తక్కువ పుల్లగా తోస్తుంది. ఏదైనా తీపి తిని తాగితే మంచి వైన్ కూడా పుల్లగా, పలచగా అయిపోతుంది. చిటికెడు ఉప్పు చేదునూ వగరునూ తగ్గిస్తుంది. ఉడికించిన పుట్టగొడుగుల్లో, బాగా మాగిన చీజ్‌లో ఉండే ఉమామి అనే, మాంసపు పులుసును తలపించే గాఢమైన రుచి మాత్రం, తోడుగా ఉప్పు గాని పులుపు గాని లేకపోతే, వైన్‌లోని చేదును పైకి తెస్తుంది. ఈ నాలుగూ మీ వంటింట్లోనే ప్రయత్నించి చూడవచ్చు; పుస్తకాల్లోని జతల పట్టికలు బట్టీ పట్టడం కంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుందని మా అభిప్రాయం.

ఈ పంటలో అన్నిటికన్నా బాగా నిలిచినది తెల్లది, సోవిన్యోఁ బ్లాఁ ద్రాక్షతో చేసినది. వట్టిగా తాగినప్పుడు దాని పులుపు కొంచెం పదునుగా ఉంది, మాలో ఒకరిద్దరు మొహం చిట్లించారు కూడా. కాని వెన్నలో వేయించిన చేప తోడు రాగానే ఆ పులుపే దాని బలమైంది. నోటిని పట్టుకున్న కొవ్వును అది గుటకగుటకకూ శుభ్రం చేసింది. పచ్చి ఆకులు, తాజా మేక చీజ్, నిమ్మ పిండిన కూరగాయలు, వీటన్నిటితోనూ ఇది కుదిరింది. ఆర్టిచోక్ పువ్వుతో మాత్రం వద్దు. దానిలోని సైనరిన్ అనే పదార్థం తరువాత నోట్లోకి వెళ్లినదాన్నల్లా తీపిగా భ్రమింపజేస్తుంది, వైన్ స్వభావమే కనబడదు.

మెర్లో ద్రాక్షతో చేసిన రోజే గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చల్లగా ఉంటే దేనితోనైనా సర్దుకుపోతుంది, కారపు వంటలతో మరీ బాగుంది. కారాన్ని కలిగించే క్యాప్సైసిన్‌కు ఆల్కహాల్ తోడైతే మంట ఎగదోసినట్లవుతుంది, వగరు కూడా దాన్ని రేపుతుంది. ఇందులో ఆ రెండూ తక్కువ.

తేలికైన ఎర్రది కాబెర్నే ఫ్రాఁ ద్రాక్షతో చేసినది. వానల వల్ల, చల్లదనం వల్ల ద్రాక్ష పూర్తిగా పండనప్పుడు పచ్చి క్యాప్సికమ్ వంటి వాసన ఎక్కువగా నిలుస్తుంది. దానికి కారణమైన పిరజీన్లు మామూలుగా పండే కొద్దీ తగ్గిపోతాయి. ఈ సంవత్సరం అవి తగ్గలేదు. వట్టిగా తాగేవారికి అది లోపంగానే తోస్తుంది, తోచకూడదని మేము వాదించము. అయితే నిప్పుల మీద కాల్చిన క్యాప్సికమ్, టమాటా, తాజా ఆకుల మసాలాతో వండిన కోడిమాంసం పక్కన పెడితే ఆ పచ్చి వాసన వంటలోని వాసనతో కలిసిపోయి, వైన్‌లోని ఎర్రపండ్ల రుచి ముందుకు వచ్చింది. అందువల్ల ఈ సీసాను భోజనం కోసమే తీసుకోండి, కబుర్ల కోసం వద్దు. చేపతో కూడా వద్దు. ఎర్ర వైన్‌తో చేప నీచువాసన వేయడానికి వగరు ఒక్కటే కారణమని చాలాకాలం అనుకునేవారు గాని, వైన్‌లోని ఇనుము ఎక్కువైతే ఆ వాసన పెరుగుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు.

ముదురు ఎర్రదైన కాబెర్నే సోవిన్యోఁను ఇప్పుడే అమ్మడం లేదు. దానిలో టానిన్ల వగరు, అంటే ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థాల వగరు, ఇంకా గరుకుగా ఉంది. టానిన్లు నోట్లోని లాలాజల ప్రోటీన్లను పట్టుకుని వాటి నునుపును పోగొడతాయి. మాంసం, గట్టి చీజ్ వంటివి పక్కన ఉంటే టానిన్లు వాటిలోని ప్రోటీన్ల మీదకు, కొవ్వు మీదకు మళ్లి నోటిని వదిలిపెడతాయి. కాల్చిన గొడ్డుమాంసంతోనూ, మాగిన గట్టి చీజ్‌తోనూ ఇది నిజంగానే శాంతించింది, కాని మరే వంటకంతోనూ కాదు. నీలి చీజ్‌తో అయితే నోరంతా లోహపు చేదు. సీసాలో మరికొంతకాలం మాగితే మెత్తబడుతుందని ఆ కుటుంబమూ మేమూ అనుకుంటున్నాం, మళ్లీ రుచి చూసి చెబుతాం.

జాబితాలోంచి పూర్తిగా తీసివేసినది సల్ఫైట్లు కలపకుండా, తోటలోని సహజ ఈస్ట్‌తోనే పులియబెట్టిన ప్రత్యేక వైన్. దీని కోసం ఎదురుచూసినవారు ఉన్నారని మాకు తెలుసు. కొన్ని సీసాలు అద్భుతంగా ఉన్నాయి. మరికొన్నిటిలో బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ చేరి గుర్రపుశాల వాసన తెచ్చింది. వట్టిగా తాగినప్పుడు కొందరికి అది ఒక విశేషంగా అనిపించింది, వేడి వేడి భోజనం దగ్గర మాత్రం ఆ వాసన తప్ప ఇంకేదీ తెలియలేదు. ఏ సీసా ఎలా ఉంటుందో మేమే చెప్పలేనప్పుడు దాన్ని మీకు అమ్మడం న్యాయం కాదని తోటవారితో చెప్పాం. వారు కాస్త నొచ్చుకున్నారు, కాని కాదనలేదు.

సీసాలు తీసుకువెళ్లేవారు ఒక్క విషయం గమనించాలి. సల్ఫైట్లు తక్కువ ఉన్న వైన్ గాలికీ వేడికీ త్వరగా లొంగిపోతుంది. చల్లగా, చీకటిగా ఉన్న చోట ఉంచండి. తెరిచాక బిరడా బిగించి, ఎర్రదైనా సరే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో ముగించండి. తెల్లదాన్ని 8 నుంచి 12 డిగ్రీల మధ్య, తేలికైన ఎర్రదాన్ని 14 డిగ్రీల దగ్గర వడ్డిస్తే బాగుంటుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది సేంద్రియ స్వభావం కాదు, బిరడా నుంచి చేరిన టీసీఏ అనే పదార్థం; ఆ సీసాను తిరిగి తీసుకురండి, మారుస్తాం.

తెల్లది, రోజే, కాబెర్నే ఫ్రాఁ ఈ వారం నుంచే దొరుకుతాయి. ముందు అడిగినవారికి ముందు ఇస్తాం. ఉన్నవి తక్కువ కనుక ఒక్కరికే పెట్టెలకొద్దీ ఇవ్వలేము. వచ్చేటప్పుడు ఆ పూట ఏం వండుతున్నారో చెప్పండి, దానికి మా దగ్గర తగినది లేకపోతే లేదనే చెబుతాం.