ట్యూబు ఇచ్చి వెళ్ళిపోయిన అక్కకి, మిగతా అందరికీ కృతజ్ఞతలు

ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే ట్రయాథ్లాన్ పోటీ నిన్న అయిపోయింది. పిక్కలింకా పట్టేసే ఉన్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి. నాలుగు రోజులు ఆగితే మెడల్ ఫొటో ఒకటే మిగులుతుంది, దాని వెనకున్న మనుషులు ఒక్కొక్కరే జారిపోతారు.

1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మడమ వెనక అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే పట్టీ) దెబ్బతిన్న కాలితో ఇది కటాఫ్, అంటే పోటీవాళ్ళు పెట్టిన గడువు లోపల పూర్తయిందంటే అందులో చాలామంది చేయి ఉంది. అందరికన్నా ముందు చెప్పుకోవలసింది పేరు కూడా తెలియని ఒకావిడ గురించి.

సైకిల్ మీద 60వ కిలోమీటరు దాటాక వెనక టైరు పక్కభాగం పదునైన రాయికి కోసుకుపోయి ట్యూబు పేలింది. అంతకుముందు ఒక సన్న తీగ ముక్క దిగి పంక్చరైతే, స్పేరు ట్యూబు అక్కడే వాడేశాను. ప్యాచీలున్నాయి గానీ పేలిన ట్యూబుకి బెత్తెడు పొడుగున చీలిక పడితే ప్యాచీ ఆగదు. మెకానిక్ బండి జాడ లేదు. పక్కనుంచి సైకిళ్ళు వెళ్ళిపోతున్నాయి. వాళ్ళని తప్పుపట్టను, ఆ దశలో ప్రతివాళ్ళకీ గడియారమే లోకం.

ఆవిడ ఆగారు. వయసు యాభై దాటి ఉంటుంది. ఏమైందని అడగలేదు. పడి ఉన్న ట్యూబు చూడగానే “నీ రిమ్ము లోతెంత?” అన్నారు. 50 మిల్లీమీటర్లని చెప్పాను. “నా ట్యూబు వాల్వు 80. సరిపోతుంది, చక్రం తియ్యి.” వాల్వంటే ట్యూబులోకి గాలి కొట్టే గొట్టం. ఆ ప్రశ్న విలువ లోతైన రిమ్ములు వాడేవాళ్ళకి తెలుసు. పొట్టి వాల్వు ట్యూబు వేస్తే దాని మొన రిమ్ము బయటికే రాదు, పంపు తగిలించడానికి చోటుండదు. సాయం చేద్దామని ఆగినవాళ్ళు చాలామంది ట్యూబు తగిలించేశాక గానీ ఆ సంగతి గమనించరు.

నేను చెయిన్‌ని చివరి చిన్న గేరు మీదికి దింపి చక్రం ఊడదీసేలోపు ఆవిడ ట్యూబు చుట్ట విప్పి, గుండ్రంగా నిలిచేంత గాలి మాత్రం కొట్టారు. బొత్తిగా గాలి లేని ట్యూబైతే టైరు అంచు కింద నలిగిపోతుంది. తర్వాత టైరు లోపల బొటనవేలితో చుట్టూ తడిమారు. కోత అర సెంటీమీటరు ఉంటుందంతే, కానీ లోపలి దారాలు తెగి పీచులా బయటికి కనిపిస్తున్నాయి. నేలకి ఆనే చోట కోత పడితే అక్కడి మందపాటి రబ్బరు కొంత కాస్తుంది. పక్కభాగానికి బలమంతా ఆ దారాల పొరే. అది తెగిందంటే ట్యూబు ఆ సందులోంచి ఉబ్బి బయటికొచ్చి పేలుతుంది. ఊరికే కొత్త ట్యూబు వేస్తే దానికీ అదే గతి పట్టేది.

“జెల్ తిన్న ప్యాకెట్టుందా?” అన్నారు. పోటీలో శక్తి కోసం తినే జెల్ తాలూకు ఖాళీ రేకు ప్యాకెట్టు జేబులోంచి తీసిచ్చాను. సీసాలో నీళ్ళు పోసి కడిగి, జిగురు పోయేదాకా తుడిచి, నాలుగు మడతలు వేశారు. మడత కోతకన్నా అన్ని పక్కలా ఒక సెంటీమీటరైనా ఎక్కువ ఉండాలట. ఆ రేకు సాగదు కాబట్టే ఈ పనికి కుదురుతుంది. దాన్ని టైరుకీ ట్యూబుకీ మధ్య కోత మీద పెట్టి, అక్కడ ఒక వేలు ఆన్చి ఉంచమని నాకు చెప్పారు. టైరు అంచుని వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి రెండు పక్కలనుంచీ తోసుకుంటూ వచ్చి వాల్వు దగ్గర ముగించారు. చివర్లో బిగుసుకుంది. నేను టైరు ఎక్కించే లివర్ అందించబోతే తల అడ్డంగా ఊపారు. ఉన్న ఒక్క ట్యూబు లివర్ కింద నలిగితే ఇంక చేసేదేమీ లేదు. అంచుని చుట్టూ నొక్కుతూ రిమ్ము మధ్యనున్న గాడిలోకి దింపితే కాస్త వదులొస్తుంది, ఆ వదులుతో బొటనవేళ్ళ మీదే ఎక్కించారు. తర్వాత వాల్వుని ఒకసారి లోపలికి నొక్కి వదిలారు, దాని మొదట్లో ట్యూబు ఇరుక్కుని ఉండకుండా.

నేను టైరు నింపే చిన్న గ్యాస్ క్యాట్రిడ్జ్ తీస్తే వద్దన్నారు. గ్యాస్ క్షణంలో నిండిపోతుంది, లోపల మడత జరిగినా చూసుకునే వ్యవధి ఇవ్వదు. చేతి పంపు మీదున్న చిన్న మీటరు చూస్తూ గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ దాకా కొట్టి, ఆగి, చక్రం తిప్పి కోత దగ్గర వేలు పెట్టి చూశారు. ఉబ్బు లేదు. మళ్ళీ కొట్టారు. 60 దగ్గర ఆపేశారు. ఆ 28 మిల్లీమీటర్ల టైరులో నేను మామూలుగా 75 పెడతాను. “మెల్లగా వెళ్తావు, కానీ వెళ్తావు” అన్నారు. “ముందు చక్రమైతే నిన్ను ఎక్కనిచ్చేదాన్నే కాదు. గుంత వస్తే సీటు మీంచి కాస్త లే.”

అప్పుడు తట్టింది నాకు. “అక్కా, మీకింకో ట్యూబుందా?”

“లేదు. ముప్ఫై కిలోమీటర్లే కదా!”

నాకు నోట మాట రాలేదు. ఆవిడేమీ ముందు వరసలో ఉన్న మనిషి కారు. కటాఫ్‌కి ఆవిడకీ పెద్దగా మిగులు లేదు. పది నిమిషాలు పోగొట్టుకోవడం ఒక ఎత్తు. మిగిలిన దారిలో ఒక్క ముల్లు దిగితే ఆవిడ పోటీ అక్కడితో సరి, అది బాగా తెలిసి ఇవ్వడం ఇంకో ఎత్తు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే “నీళ్ళు దాచుకో తమ్ముడూ, పరుగులో కావాలి” అన్నారు. నా మడమకున్న టేపు అప్పటికే చూసినట్టున్నారు. “దిగగానే పరుగెత్తకు. మొదటి రెండు కిలోమీటర్లు నడకా పరుగూ కలుపు” అని సైకిలెక్కేశారు. మా పోటీలో ముందు సైకిలుకీ వెనక సైకిలుకీ మధ్య 12 మీటర్లు ఉండి తీరాలి, అంచేత ఎదురుగాలి తప్పించుకుంటూ ఆవిడ చాటున వెళ్ళే వీలు లేదు. కాసేపటికి కనుమరుగయ్యారు. హెల్మెట్ మీది నంబరు స్టిక్కరు సగం ఊడిపోయి ఉంది, చదవలేకపోయాను. ఫినిష్ దగ్గర ఎంత వెతికినా కనిపించలేదు. ముదురు ఆకుపచ్చ హెల్మెట్, పాత అల్యూమినియం సైకిలు. ఎవరికైనా తెలిస్తే ఆవిడ వివరాలు బయట పెట్టకుండా ఈ మాటలు ఆవిడకి చేరవేయండి, చాలు. ఆవిడ పూర్తి చేశారో లేదో తెలిసేదాకా నాకు మనసు కుదుటపడదు.

ఇది నిబంధనలు ఒప్పుకోని బయటి సాయం కిందికి రాదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. రాదు. అదే పోటీలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు ట్యూబు, పంపు, పంక్చర్ సామాను, తిండి, నీళ్ళు ఇచ్చుకోవచ్చు. ఇచ్చినవాళ్ళు ముందుకెళ్ళలేని స్థితి తెచ్చే వస్తువులు, అంటే సైకిలు, చక్రం, హెల్మెట్ లాంటివి ఇవ్వకూడదు. గట్టు మీద నిలబడ్డ స్నేహితుడు ఇదే ట్యూబు అందిస్తే మాత్రం అది తప్పే.

రెండో దండం మా ఫిజియో గారికి. మడమ గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఆవిడ చేయించిన పద్ధతి ఇక్కడే రాసేస్తాను.

ముందు నొప్పి ఎక్కడో వేళ్ళతో నొక్కి తేల్చారు. మడమ ఎముకకి అతుక్కునే చోటికి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైనైతే అది టెండన్ మధ్యభాగం. దానికి మెట్టు అంచున నిలబడి మడమని మెట్టుకన్నా కిందికి దించే వ్యాయామం పనిచేస్తుంది. నొప్పి అతుకు దగ్గరే ఉంటే అలా కిందికి దించినప్పుడు టెండన్ ఎముకకి ఒత్తుకుని నొప్పి ఎక్కువవుతుంది, వాళ్ళు చదును నేల మీదే చేయాలి. ఈ తేడా చూడకుండా ఎవరో చెప్పిన వ్యాయామం మొదలుపెట్టి ఇంకా చెడగొట్టుకుంటున్నవాళ్ళు ఎందరో.

స్వీడన్ సర్జన్ హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతిలో మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున 3 విడతలు, మోకాలు వంచి ఇంకో 3 విడతలు. రోజుకి రెండు పూటలు, 12 వారాలు. అంటే రోజుకి 180 సార్లు. ఈత, సైకిలు కూడా ఉన్నవాళ్ళకి రోజూ ఇంత అంటే కష్టమని ఆవిడ బరువులతో నెమ్మదిగా చేసే పద్ధతి ఎంచారు. వారానికి 3 రోజులు, లేవడానికి 3 సెకన్లు, దిగడానికి 3 సెకన్లు. మొదట 15 సార్లకి మించి ఎత్తలేనంత బరువు, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచుతూ 6 సార్లకి మించి ఎత్తలేనంత దాకా. వంచిన మోకాలితో చేసేది వదలొద్దని ఒకటికి పదిసార్లు చెప్పారు. పిక్కలో లోపలుండే సోలియస్ కండరానికి అదే బలం, పరుగులో ఎక్కువ భారం మోసేది అదే.

పూర్తి విశ్రాంతి మందు కాదని కూడా ఆవిడ దగ్గరే తెలిసింది. నడక తగ్గించి కూర్చుంటే నొప్పి పోతుంది, దాంతోపాటు టెండన్ మోయగల శక్తీ పోతుంది, మొదటి పరుగుకే నొప్పి తిరిగొస్తుంది. ఆవిడ పెట్టిన కొలత ఇది. చేస్తున్నప్పుడు నొప్పి 10కి 5 దాటకూడదు, మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థాయికి దిగిపోవాలి. మంచం దిగగానే ఆ మొదటి అడుగుల్లో బిగువు ముందురోజుకన్నా ఎక్కువసేపుంటే ఆ రోజు పరుగు లేదు. ఒంటికాలి మీద 20 సార్లు నొప్పి లేకుండా మడమ ఎత్తగలిగి, అదే కాలి మీద గెంతగలిగాకే పరుగు. నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. రెండు పరుగుల మధ్య 48 గంటలు. గట్టి శ్రమ తర్వాత మొదటి రోజంతా టెండన్‌లో కొత్తగా కట్టుకునేదానికన్నా అరిగిపోయేదే ఎక్కువ, అందుకే ఆ విరామం. ఎత్తు రోడ్లూ వేగమూ అన్నిటికన్నా చివర.

షూని పెడల్‌కి పట్టి ఉంచే క్లీట్‌ని 5 మిల్లీమీటర్లు మడమ వైపు జరిపించిందీ ఆవిడే. పెడల్ ఇరుసు కాలివేళ్ళ మొదళ్ళ నుంచి వెనక్కి జరిగితే పిక్క మీద లాగుడు తగ్గుతుంది. అలా జరిపినప్పుడు సీటు కూడా రెండు మూడు మిల్లీమీటర్లు దించాలి, లేకపోతే తుంటి ఊగుతుంది. ఈతకొలనులో గోడని తన్ని తిరగడం వద్దన్నారు. ఆ తన్నుడులో పడే బరువు చాలామంది లెక్కలోకే తీసుకోరు.

ఇక కడుపులో ఉన్న బాధ కూడా చెప్పుకుంటాను. ఈ పోటీలో ఎంట్రీ వచ్చే ఏడాదికి మార్చుకునే గడువు పోటీకి ఎన్నో వారాల ముందే ముగిసిపోతుంది. ఆ తర్వాత డాక్టరు సర్టిఫికెట్ చూపించినా డబ్బు వెనక్కి రాదు, ఇంకొకరి పేరు మీదికి మారదు. దెబ్బలు ఎక్కువగా తగిలేది శిక్షణ భారం తారస్థాయికి చేరే చివరి వారాల్లోనే. అంటే అవసరం పడేవేళకి తలుపు మూసేసి ఉంటుంది. అంత డబ్బు వదులుకోలేక కుంటుతూ వచ్చి స్టార్ట్ లైన్లో నిలబడ్డవాళ్ళని నిన్న కళ్ళారా చూశాను. భద్రత మా మొదటి బాధ్యత అని బ్యానర్లు కట్టేవాళ్ళకి ఇది కనిపించదా? వైద్య కారణాలకి పోటీకి వారం ముందు దాకా వాయిదా ఇస్తే వాళ్ళకి పోయేదేముంది? 90 కిలోమీటర్ల దారికి మెకానిక్ బండి ఒక్కటి ఏ మూలకి సరిపోతుంది?

నా మడమని మొదట చూసిన క్లినిక్‌లో స్కాన్ రాసి, నొప్పి మాత్రలు రాసి, పరుగు మానెయ్యమని మూడు ముక్కల్లో పంపేశారు. ఒక్క వ్యాయామం చెప్పలేదు. ఇంకో మాట, టెండన్ నొప్పి ఉన్నవాళ్ళు జ్వరానికో ఇన్ఫెక్షనుకో యాంటీబయాటిక్ రాయించుకునేటప్పుడు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకి టెండన్ తెగే ప్రమాదముందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే పెద్ద హెచ్చరిక పెట్టించింది.

ఇంట్లో వాళ్ళ సంగతి వేరే చెప్పాలా? తెల్లవారుజాము అలారాలు, ఫ్రిజ్ నిండా ఐసు ప్యాకులు అన్నీ భరించారు. మీరు లేనిదే ఏదీ లేదు.

అయ్యో, కొలనులో నా లేన్ వాళ్ళని మరిచాను. ప్రతి పొడవు చివరా నేను ఆగి మెల్లగా తిరుగుతుంటే విసుక్కోకుండా దారిచ్చారు. పరుగులో 14వ కిలోమీటరు దగ్గర ఐసు నింపిన స్పాంజీలు పట్టుకుని నిలబడ్డ పిల్లలకి కూడా. రెండు పిక్కలకి, ఒకటి మెడకి అని అడగకుండానే మూడు ఇచ్చారు. ఈతలో ఎదురు అల కొట్టి నీళ్ళు మింగినప్పుడు కయాక్ (చిన్న తెడ్డు పడవ) పక్కకి తెచ్చి పట్టుకోనిచ్చిన అన్నకి. కయాక్ పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, దాన్ని ఆసరా చేసుకుని ముందుకి కదలకూడదంతే అని ఆయనే ధైర్యం చెప్పారు.

ఇంకొకరు, ఈతకి వేసుకునే బిగుతు రబ్బరు వెట్‌సూట్ విప్పే చోట ఉన్న కుర్రాడు. అందరూ ఒక కాలితో రెండో కాలి సూట్‌ని తొక్కిపట్టి గుంజుతారు. ఆ గుంజుడు నేరుగా మడమ మీదే పడుతుంది. అతను నా టేపు చూసి, నన్ను కూర్చోబెట్టి, సూట్ అంచుని చీలమండ కిందికి చుట్టి, మడమని చేత్తో పట్టుకుని జాగ్రత్తగా తప్పించాడు. పేరు అడిగేలోపు తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. నీకూ థాంక్స్ తమ్ముడూ. ఇంకా ఎవరినైనా వదిలేసి ఉంటే మన్నించండి, నిద్ర లేచాక వాళ్ళ పేర్లూ కలుపుతాను.