గుమ్మం దగ్గరే దెబ్బతిన్న పార్కు

అయ్యా,

అమెరికాలోని వినోద పార్కు డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్‌ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మీ పత్రికలో '110 కోట్ల డాలర్లు పోసి బాగుచేశారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ అంకె కన్నా ఏది పడగొట్టారు, ఏది ఉంచారు అన్నది ముఖ్యం.

2001 ఫిబ్రవరి 8న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో, అంతకుముందు డిస్నీలాండ్‌ కార్లు ఆపుకునే స్థలంలో ఈ పార్కు మొదలైంది. తొలి ఏడాది 70 లక్షల మంది వస్తారనుకుంటే సుమారు 50 లక్షల మందే వచ్చారు. రైడ్లు చాలవని, అందులో చిన్నపిల్లలు ఎక్కేవి మరీ తక్కువని అందరూ అన్నారు. నిజమే గాని, అసలు పొరపాటు గుమ్మంలోనే ఉంది. ప్రవేశం ఉత్తరం వైపు. లోపలికి రాగానే ఎదురుగా పెద్ద లోహపు సూర్యబింబం. వచ్చేవాళ్లకు కనబడాలంటే దాని ముఖం ఉత్తరానికి తిరగాలి, అక్కడ ఎండేమో దక్షిణం నుంచి పడుతుంది. బింబం నీడలో ఉండిపోకుండా, సూర్యుడి గమనాన్ని బట్టి తిరిగే అద్దాలు బిగించి దానిమీదికి వెలుగు మళ్లించారు. సూర్యుడికే దివిటీ పట్టారన్నమాట! ఇక పాతకాలపు సముద్రతీర జాతరలా కట్టిన పారడైజ్‌ పియర్‌ భాగంలో నిలబడితే ప్రహరీ అవతలి హోటళ్లు కనిపించేవి. అంతటితో భ్రమ తీరిపోయేది.

మొదటి మరమ్మతులన్నీ అతుకులే. 2002లో పిల్లల కోసం 'ఎ బగ్స్‌ ల్యాండ్‌', 2004లో 'టవర్‌ ఆఫ్‌ టెర్రర్‌' చేర్చారు, గుమ్మం జోలికి మాత్రం పోలేదు. ఆ రోజుల్లో మెచ్చుకోదగ్గ పని ఒకటి జరిగింది. 2002లో మూతపడ్డ 'సూపర్‌స్టార్‌ లిమో' అనే రైడ్‌ భవనాన్నీ ట్రాకునూ అలాగే ఉంచి, బొమ్మలు, కథ మార్చి 'మాన్‌స్టర్స్‌ ఇంక్‌' రైడ్‌గా తెరిచారు.

2007లో ప్రకటించిన ఆ 110 కోట్ల డాలర్ల ప్రణాళికతోనే అసలు పని మొదలైంది. పార్కులోని చెరువు పారడైజ్‌ బే నీళ్లు తోడేసి దాదాపు 1,200 ఫౌంటెన్లు అమర్చి, 2010లో 'వరల్డ్‌ ఆఫ్‌ కలర్‌' అనే నీళ్లూ దీపాల రాత్రి ప్రదర్శన ప్రారంభించారు. ధార 200 అడుగుల దాకా లేస్తుంది. అవన్నీ నీళ్లలో మునిగి, మళ్లీ పైకి లేచే వేదికల మీద ఉంటాయి. ఏ దీపమో పాడైతే ప్రతిసారీ చెరువు ఖాళీ చెయ్యడం కుదిరే పని కాదు కదా.

2012 జూన్‌ 15న తెరిచిన 12 ఎకరాల కార్స్‌ ల్యాండ్‌లో ('కార్స్‌' సినిమా ఆధారంగా కట్టిన భాగం) కొండలు చూడండి. 125 అడుగుల దాకా ఎత్తు, శిఖరాలు పాత కాడిలాక్‌ కార్ల వెనక రెక్కల్లా ఉంటాయి. ఉక్కు చట్రం మీద వంచిన ఇనుప చువ్వలు, వాటిపై జాలీ, దానిమీద గొట్టంతో కొట్టిన సిమెంటు. అది గట్టిపడేలోగా చేత్తో పగుళ్లు చెక్కాలి, ఆలస్యమైతే ఆ పూట పనంతా రాయైపోతుంది. ఆ కొండలు అందానికే కాదు, బయటి ఊరికి తెర కూడా. అదే ఏడాది గుమ్మం కూడా మారింది. సూర్యబింబం ఉన్నచోట లాస్‌ ఏంజెలెస్‌లో ఒకప్పుడుండిన కార్థే సర్కిల్‌ థియేటర్‌ను తలపించే భవనం లేచింది. దానికి అద్దాల అవసరం లేదు.

2011లో సుమారు 63 లక్షలున్న సందర్శకులు 2012లో దాదాపు 78 లక్షలయ్యారు. ఇలాంటి లెక్కలు వేసేటప్పుడు గంటకు ఎంతమంది ఎక్కగలరో కూడా రాయండి. ఉదాహరణకు, పక్కపక్కన పరుగెత్తే ఆరు సీట్ల కార్లు రెండేసి చొప్పున 30 సెకన్లకోసారి బయల్దేరితే గంటకు 1,440 మంది. బెల్టు పెట్టుకోవడంలో తడబడి అది 40 సెకన్లయితే 1,080. పన్నెండు గంటల్లో 4,320 మందికి చోటు పోయినట్టే. క్యూ పొడవు చూసి రైడ్‌ హిట్టని రాసే ముందు, ఆ పది సెకన్లు ఎక్కడ పోతున్నాయో ఎక్కేచోట నిలబడి చూడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు