అడవిపందికి రివాల్వర్ తూటాలు ఇక మా దగ్గర అడగొద్దు

మా దుకాణానికి వచ్చే రైతులకు, లైసెన్సుదారులకు నమస్కారం.

మొక్కజొన్న పాలకంకికి వచ్చే రోజులివి. ఏటా ఇదే సమయానికి మా కౌంటర్ దగ్గర ఒకటే మాట వినబడుతుంది: "పందులు పడ్డాయి, ఏం తూటా ఇస్తావు?" ఈసారి దానికి ఇంకో ప్రశ్న తోడైంది. రివాల్వర్‌తో పందిని పడగొట్టొచ్చా, దానికి సీసపు గుళ్లు మనమే పోయించుకుంటే బాగా దిగుతాయా అని. నెల రోజుల్లో ఐదారుగురు అడిగారు. అందరూ ఫోన్లో అమెరికా వేట వీడియోలు చూసి వచ్చినవాళ్లే. ఒక్కొక్కరికీ కౌంటర్ మీద రెండు ముక్కలు చెప్పి పంపితే సగమే అర్థమవుతోందని నాకు తెలిసింది. అందుకే ఇలా వివరంగా రాస్తున్నాను.

నిర్ణయం ముందే చెప్పేస్తాను. పంది కోసం అని చెప్పి రివాల్వర్ తూటాలు అడిగితే ఇవ్వను. పేలిన తూటాల ఖాళీ గొట్టాల్లో మళ్లీ మందు నింపే పని, గుళ్లు పోసే పని మా దుకాణంలో జరగవు, ఎవరి దగ్గర జరుగుతాయో కూడా చెప్పను. దీనివల్ల కొంత బేరం పోతుంది, తెలుసు. పోనివ్వండి.

పోయిన వారం పల్నాడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మా నాన్నగారి కాలం నుంచీ మా దగ్గరే కొంటారు. జేబులోంచి రుమాలు మూట తీసి గాజుబల్ల మీద విప్పారు. చూస్తే అచ్చు అక్షరాలు. విజయవాడలో మూతబడ్డ ఏదో పాత ప్రెస్సు సామాను తూకానికి అమ్ముతుంటే ఓ పిడికెడు తెచ్చుకున్నారట. "అబ్బాయ్, ఇది గట్టి సీసం. దీంతో నా పాయింట్ 32 రివాల్వర్‌కి గుళ్లు పోయిస్తే పంది భుజంలోకి దిగదూ?" అన్నారు.

ఒకటి తీసి చూశాను. కొస మీద తలకట్టుతో సహా 'క' అక్షరం, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. బొటనవేలి గోరుతో గీశాను, గీత పడలేదు. మా అబ్బాయి కృష్ణలో గేలానికి కట్టే సీసపు గుండు ఒకటి సొరుగులో ఉంటే అదీ తీసి పక్కన పెట్టి గీశాను. వెన్నలోకి దిగినట్టు గోరు దిగింది. పెద్దాయన మొహం వెలిగింది. "చూశావా, నే చెప్పలా" అన్నారు.

ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం కోసమే ఇంత రాయాల్సి వస్తోంది.

మెత్తదనం, గట్టిదనం కొలిచే బ్రినెల్ లెక్కలో శుద్ధ సీసం 5 దగ్గర ఉంటుంది. అచ్చు లోహంలో సీసంతో పాటు యాంటిమొనీ అనే పెళుసు లోహం, తగరం కలుస్తాయి. ఒక్కో వరుసను ఒకే ముక్కగా పోసే లైనోటైప్ అచ్చు యంత్రాలకు వాడిన మిశ్రమంలో సీసం 84 పాళ్లు, యాంటిమొనీ 12, తగరం 4. దాని గట్టిదనం 22 దాకా ఉంటుంది. చేత్తో పేర్చే విడి అక్షరాలు ఇంకా గట్టివి. కానీ గట్టిదనం పెరిగేకొద్దీ లోహం పెళుసెక్కుతుంది. ఎముక తగలగానే ముక్కలయ్యే గుండు లోపలికి పోదు. పైగా తూటా పేలినప్పుడు గుండు అడుగు కాస్త ఉబ్బి గొట్టం గాడుల్ని మూయాలి. మరీ గట్టి గుండు ఉబ్బదు. వేడి గ్యాసు దాని పక్కల నుంచి దూసుకుపోతుంది, ఆ వేడికి కరిగిన సీసం గొట్టం లోపల పూత పూసినట్టు అంటుకుంటుంది. మరీ మెత్తది ఎక్కువ వేగానికి పంపినా ఇదే గతి. అందుకే అమెరికాలో బరువైన రివాల్వర్లకు గుళ్లు పోసుకునేవాళ్లు 90 పాళ్ల సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ కలిపిన మిశ్రమాన్ని మంచిదంటారు. దాని గట్టిదనం 15.

అక్కడ అది చట్టబద్ధమైన వేట. దాని వెనక చాలా ఏళ్ల అనుభవం ఉంది. ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి, వేటగాడు మూతి చదునుగా ఉన్న బరువైన గుళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆయన పట్టుదల వల్లే 1950ల నడుమ పాయింట్ 44 మాగ్నమ్ అనే బలమైన రివాల్వర్ తూటా వచ్చింది. ఆ వీడియోల్లో మీరు చూసేది చాలావరకు అలాంటి రివాల్వర్లే. మూతి చదునుగా ఎందుకంటే, గుండ్రటి మూతి కండను పక్కకు నెట్టుకుంటూ సన్నటి దారి చేసుకుని పోతుంది. చదును మూతి కోసుకుంటూ పోతుంది, లోపల పక్కదారి పట్టకుండా తిన్నగా వెళుతుంది. బరువు దాన్ని లోతుకు తోస్తుంది. అంటే మూతి, బరువు, వేగం, లోహం నాలుగూ కలిసి రావాలి. ఒక్క లోహం మార్చుకుంటే పని కాదు.

ఇప్పుడు మన రివాల్వర్ సంగతి. మన దగ్గర లైసెన్సు మీద తిరిగేది ఎక్కువగా కాన్పూర్‌లో తయారయ్యే పాయింట్ 32. దాని గుండు సుమారు 98 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాముల లోపు. సెకనుకు 215 మీటర్ల వేగం. పాయింట్ 44 మాగ్నమ్ గుండు 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు. వేగం సెకనుకు 400 మీటర్ల దరిదాపు. లెక్క కడితే మన తూటా దెబ్బ దాని దెబ్బలో ఎనిమిదో వంతు. అచ్చు అక్షరాలు కరిగించి పోసినా ఈ లెక్క మారదు. నిజానికి ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే యాంటిమొనీ, తగరం సీసం కంటే తేలిక. అదే మూసలో పోస్తే గుండు బరువు కొంచెం పడిపోతుంది. వేగం పెంచుదామని మందు ఎక్కువ పోస్తే, చిన్న రివాల్వర్ సిలిండర్ గోడలు పలచన. పగిలితే మీ చేతిలోనే పగులుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మా నాన్నగారు ఈ దుకాణంలో నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఇక పంది. ముదురు మగపంది భుజాల మీద, తోలు కింద, పీచులాంటి మందపు పొర ఒకటి ఉంటుంది. మగవి పోట్లాడుకునేటప్పుడు కోర దిగకుండా అదే అడ్డం. దాని కింద భుజం ఎముక. గుండె చాలామంది అనుకునే చోట ఉండదు. ముందరికాలి మోచేతి దగ్గర, బాగా కిందికి ఉంటుంది. వీపు మీద నిక్కబొడుచుకున్న జూలు చూసి పందిని ఉన్నదాని కంటే ఎత్తుగా అనుకుని, దాని నడిమధ్యకు గురి పెడతారు. దెబ్బ పైన తగులుతుంది. పంది పడదు, పారిపోతుంది. దెబ్బతిన్న పంది చేలో నక్కి ఉంటే పొద్దున్నే కలుపుకు దిగే ఆడవాళ్ల గతి ఏమిటి?

ఈ ప్రశ్న నేను గాల్లోంచి తీసుకురాలేదు. నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. మూడేళ్ల కిందట ఒకాయన ఇదే అడిగారు. దుకాణంలో జనం ఉన్నారు, బిల్లు రాస్తున్నాను, తల ఎత్తకుండానే "మరీ దగ్గరికొస్తే పనిచేస్తుందిలెండి" అన్నాను. అటవీశాఖ అనుమతి ఉందా అని కూడా అడగలేదు. ఆయన మంచె మీద నుంచి పది గజాల్లో కొట్టారు. తెల్లారి చూస్తే మొక్కజొన్న ఆకుల మీద మోకాలెత్తున నెత్తురు మరకలు, పంది లేదు. ఐదు రోజులు ఒక్క కూలీ కూడా ఆ చేలోకి దిగలేదు. ఆ పంది ఎక్కడో ఎన్ని రోజులు బాధపడి చచ్చిందో. ఆయన నన్నొక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధ. ఆ తూటాలు ఇచ్చింది నేనే. ఆ మాట అన్నదీ నేనే. ఆయన ఇది చదువుతుంటే క్షమించమని అడుగుతున్నాను.

చట్టం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే కేసు పడితే మీతో పాటు నా రిజిస్టరూ తెరుస్తారు. అడవిపంది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉన్న జంతువు. 2022లో చేసిన సవరణ తర్వాత రెండో షెడ్యూల్లో ఉంది. పంటకు ముప్పుగా మారినప్పుడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలతో, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం లేకుండా కొడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మాంసం పంచుకోవడం కూడా కుదరదు.

1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపాడుకునే రైతును మరిచిపోలేదు. 13వ సెక్షన్‌లోనే నిజమైన పంట రక్షణకు మూతి నుంచి మందు కూరే తుపాకీ గురించి, రక్షణకో క్రీడకో వాడే 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీ గురించి విడిగా చెప్పారు. రివాల్వర్ అందులో లేదు. మీ రివాల్వర్ మీకు ఇచ్చింది ఆత్మరక్షణకు. అదే చట్టం దృష్టిలో తూటా భాగాలు, తూటాలు తయారుచేసే సాధనాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. కంసాలి దగ్గర ఒక మూస చేయించుకుని నాలుగు గుళ్లు పోయించుకుంటే ఏమవుతుంది అనుకునేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి. పెద్దాయనకు ఇదంతా చెప్పాక కాసేపు మాట్లాడలేదు. ఆ అక్షరాలు మళ్లీ రుమాల్లో కట్టుకున్నారు. మనవడికి చూపిస్తానన్నారు.

అనుమతి కాగితం, పన్నెండు బోరు తుపాకీ లైసెన్సు రెండూ ఉన్నవాళ్లకు మా సాయం ఎప్పటిలాగే ఉంటుంది. పన్నెండు బోరు అనే పేరు కూడా సీసపు గుండు నుంచి వచ్చిందే. ఒక పౌండు సీసంతో సమానంగా పన్నెండు గుళ్లు పోస్తే, ఆ గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు. పందికి చిన్న రవ్వ పనికిరాదు, తోలు కిందే ఆగిపోతుంది. ఎల్‌జీ అనే రకం తూటాలో ఆరు పెద్ద గుళ్లు, ఎస్‌జీ రకంలో తొమ్మిది ఉంటాయి. అవైనా పాతిక మీటర్లు దాటాక చెదిరిపోతాయి. ఒకటో రెండో తగిలి మిగతావి ఎటో పోతాయి. వెనక ఏముందో కనబడనప్పుడు, టార్చి వెలుగులో రెండు కళ్లు మాత్రమే మెరుస్తున్నప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. అవి గేదె కళ్లూ కావచ్చు, నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను మనిషి కుక్కవీ కావచ్చు. ఎల్‌జీ పెట్టెలు ఈసారి తక్కువే ఉన్నాయి. అనుమతి చేతిలో ఉన్నవాళ్లకే ముందు ఇస్తాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలా ఇళ్లలో తాతల నాటి ఇంగ్లండు డబుల్ బ్యారెల్ తుపాకులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి తూటా గది రెండున్నర అంగుళాలు, దాన్నే 65 మిల్లీమీటర్ల గది అంటారు. ఇప్పుడొచ్చే తూటాలు చాలావరకు 70వి. పెట్టేటప్పుడు సరిగ్గానే పడుతుంది, ఎందుకంటే ఆ కొలత పేలి నోరు విప్పుకున్న తూటాది. పేలాక విప్పుకోవడానికి చోటు ఉండదు, లోపల ఒత్తిడి విపరీతంగా పెరిగిపోతుంది. మీ తుపాకీ తెస్తే గది కొలిచి చెబుతాను, డబ్బు తీసుకోను. బీరువాలో పదేళ్లుగా పడి ఉన్న తూటాలు కూడా తెచ్చి చూపించండి. మన తేమకు, మన ఎండకు ఇత్తడి అడుగు చిలుమెక్కి, కాగితపు గొట్టం ఉబ్బి ఉంటే వాటిని వాడొద్దు.

తుపాకీ కంటే ముందు కంచె చూడండి. తుపాకులు అమ్ముకునే నేను ఈ మాట అంటున్నానని కొందరు ఆశ్చర్యపోయారు. ఒక పందిని కొడితే మర్నాడు మంద ఇంకో గట్టు మీద నుంచి వస్తుంది. సోలార్ కంచె యంత్రం సెకనుకు ఒకసారి చిన్న షాకు వదులుతుంది, పంది ముట్టె తగలగానే వెనక్కి పోతుంది. కింది తీగ నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, రెండోది దానికి ఇంకో జానెడు పైన. తీగ కింద గడ్డి పెరిగితే షాకు నేలలోకి పోతుంది, వారానికోసారి గడ్డి కొట్టాలి. కానీ ఇంటి కరెంటో, మోటారు కరెంటో నేరుగా తీగకు తగిలించే పని మాత్రం చేయకండి. రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతులే అలాంటి తీగలకు బలైపోతున్నారు. చేల గట్ల మీద నాటుబాంబులు పెట్టేవాళ్ల మాటా వినొద్దు. వాటిని ముందు కొరికేది మీ గేదే. కంచె సామాను ఈ నెల నుంచి దుకాణంలో ఒక మూల పెట్టాను. అందులో లాభం తూటాల్లో ఉన్నంత లేదు. అయినా పెట్టాను.

తుపాకీ కొలతకు తెచ్చేవాళ్లు ఖాళీ చేసి, సంచీలో పెట్టి, లైసెన్సు పుస్తకంతో రండి. బస్సులో వచ్చేవాళ్లు తూటాలు విడిగా పెట్టుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నేనే ఉంటాను. ఆదివారం సెలవు.