పటం గీయకముందే వార్డుకు రండి

సంపాదకుడు గారికి,

మహబూబ్‌నగర్ 2025లో నగరపాలక సంస్థ అయింది. విలీనమైన ఊళ్లను కలుపుకొని వచ్చే ఇరవై ఏళ్లకు మాస్టర్ ప్లాన్ వేయక తప్పదు. అందులో జనం మాట ఏ దశలో అడుగుతారన్నదే అసలు సంగతి. ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలుంటే చెప్పుకోండి అంటే ఏమవుతుందో కామారెడ్డిలో చూశాం. పొలాలు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని తెలిసి రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో పాలకవర్గమే ఆ ముసాయిదాను వద్దని తీర్మానించాల్సి వచ్చింది.

ఆఫీసు గోడకు అంటించే పటంతోనే మొదటి చిక్కు. 1:10,000 స్కేలులో సెంటీమీటరంటే వంద మీటర్లు. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవున్న 200 గజాల ప్లాటు అందులో రెండు మిల్లీమీటర్ల గీతంత కూడా ఉండదు. తన ఇల్లు వంద అడుగుల ప్రతిపాదిత రోడ్డులో పోతుందో లేదో అది చూసి ఎవరు చెప్పగలరు? ఇంటి పర్మిషన్‌కు పోయిన రోజే తెలుస్తుంది. అప్పుడిక ఆ గీత మార్పించుకోవాలంటే సర్కారు జీవో దాకా తిరగాల్సిందే. అందుకే వార్డుకొకటి చొప్పున 1:1,000 స్కేలులో పటం వేయాలి. కిలోమీటరు వార్డు మీటరు కాగితం మీద పడుతుంది. సర్వే నంబర్లు, బడి, గుడి, మసీదు, ట్రాన్స్‌ఫార్మర్ గుర్తులు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి.

అంతకన్నా ముందు, ఇప్పుడు ఏ భూమిలో ఏముందో చూపే పటాన్ని జనంతో సరిచూయించాలి. తప్పులు అక్కడే దొర్లుతాయి. ఎండాకాలం తీసిన ఉపగ్రహ చిత్రంలో కుంట బీడుభూమిలా కనిపిస్తుంది. స్లాబుల కింద పోయే నాలా అసలే కనిపించదు. కుంట మత్తడి దుంకితే నీళ్లు ఏ గల్లీ పడతాయో అక్కడుండేవాళ్లకే తెలుసు. పెద్ద వానలకు రామయ్యబౌలి ఇళ్లలోకి నీళ్లు రావడం ఊరంతా ఎరిగినదే. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని జాగా, వదలాలని 2012 నాటి 168 జీవో చెబుతోంది. ఎఫ్‌టీఎల్ గీతే పక్కకు జరిగితే బఫరూ దాని వెంటే జరుగుతుంది. ఒక ఒడ్డున ఇళ్లు మునుగుతాయి, ఇంకో ఒడ్డున ఏ పాపం ఎరుగని రైతు భూమి ఇరుక్కుంటుంది.

2011 జనాభా లెక్క 1,90,400. దాని మీద అంచనాలు కట్టే ముందు ఇంటిపన్ను, నల్లా కనెక్షన్ల లెక్కతో వార్డువారీగా పోల్చుకోవాలి.

ఇందుకు కొత్త సంఘాలేవీ అక్కర్లేదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కో దానిలో 15 మంది ఉండాలి. పటం ముందుగా వాళ్ల చేతిలో పెట్టండి. సభలు పనివేళల్లో పెడితే కూలికి పోయేవాళ్లు రారు, ఆదివారం సాయంత్రం పెట్టాలి. కిరాయిదార్లు, కౌలుదార్లు, తోపుడుబండ్లవాళ్లు ఏ భూమి రికార్డులోనూ ఉండరు, వాళ్లను వెతికి పిలవాలి. వచ్చిన ప్రతి సూచనకూ రసీదు నంబరివ్వాలి. ఒప్పుకున్నారా, కాదన్నారా, ఎందుకన్నది సర్వే నంబరుతో సహా వార్డు ఆఫీసులో అంటించాలి. జవాబు రాని సభకు జనం రెండోసారి రారు.

ఇదంతా ప్లాన్ తయారుచేసే కన్సల్టెంటు ఒప్పందంలోనే గడువులతో రాసుకోవాలి. వార్డుల్లో చెప్పిన సవరణలు పటంలోకి ఎక్కాకే చివరి బిల్లు చెల్లించాలి.

– ఒక పాఠకుడు, మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్