బాలి, శ్రీలంక యాత్రలకు పేరు ఇచ్చినవారికి: ఈసారి ఏం మార్చాం, ఎందుకు మార్చాం

నమస్కారం.

వచ్చే విడత బాలి యోగా యాత్రకు, శ్రీలంక ఆయుర్వేద యాత్రకు పేరు ఇచ్చినవారికీ, ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికీ ఈ ఉత్తరం. ముందుగా అసలు విషయం చెబుతాను. ఒక్కొక్కరికి 3,500 రూపాయలు ధర పెరిగింది. బాతూర్ సరస్సులో తెల్లవారుజామున చేసే పడవ విహారం తీసేశాం. ఇన్నాళ్లూ మనం దిగుతున్న ఒక కేంద్రంతో ఒప్పందం కొనసాగించడం లేదు. ఈ మూడు నిర్ణయాలకూ కారణం ఒకటే: మాతో వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా తప్పిపోకూడదు.

మీలో చాలామంది ఫోన్ చేసి గ్వాటెమాలా సంగతి అడిగారు. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 2023 అక్టోబరులో ఇరవై తొమ్మిదేళ్ల కాలిఫోర్నియా యువతి యోగా శిబిరం కోసం గ్వాటెమాలాలోని అటిట్లాన్ సరస్సుకు వెళ్లింది. 19వ తేదీన శిబిరంలోని మరికొందరితో కలిసి కయాక్ మీద సరస్సులోకి వెళ్లింది. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసుకునే తేలికైన చిన్న పడవ. మిగతావాళ్లు తలో దారి అయ్యాక ఆమె దగ్గర ఒక్క తోటి యాత్రికురాలే మిగిలింది. ఈత కోసం నీళ్లలో దిగిందనీ, గాలికి ఖాళీ పడవ దూరంగా కొట్టుకుపోయిందనీ, తను దాన్ని తెచ్చి ఇవ్వలేకపోయాననీ ఆ తోటి యాత్రికురాలు తర్వాత చెప్పింది. అగ్నిమాపక సిబ్బంది, గజ ఈతగాళ్లు, కుటుంబం సొంత ఖర్చుతో పెట్టుకున్న బృందం వెతికారు. ఆమె దొరకలేదు. శిబిరానికి వచ్చినవాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ రోజు ఏం జరిగిందో చూసినవాళ్లు ముందుకు వచ్చి చెప్పండని కుటుంబం బహిరంగంగా వేడుకోవలసి వచ్చింది.

అక్కడ ఎవరిది తప్పో తేల్చే స్థానంలో నేను లేను. ఆ పని అక్కడి అధికారులది. కానీ పాతిక మందిని వెంటబెట్టుకుని పరాయి దేశం వెళ్లే మనిషిగా ఆ సరస్సు గురించి చదవకుండా ఉండలేకపోయాను.

అటిట్లాన్ అగ్నిపర్వతం పేలి కుంగిన గుంటలో ఏర్పడిన సరస్సు. సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన, మూడు అగ్నిపర్వతాల మధ్య ఉంటుంది. లోతు 300 మీటర్లు దాటుతుంది. సరదాగా డైవింగ్ చేసేవాళ్లకు పెట్టిన హద్దు 40 మీటర్లు. దీన్నిబట్టి అక్కడ వెతకడం ఎంత కష్టమో ఊహించుకోండి. పొద్దున అద్దంలా ఉండే ఆ నీటి మీద మధ్యాహ్నానికి షోకోమిల్ అనే గాలి లేస్తుంది. పసిఫిక్ తీరం నుంచి పైకి వచ్చే వేడిగాలి, కొండల మీది చల్లగాలి కలిసేచోట పుట్టే గాలి అది. అక్కడివాళ్లకు దాని వేళ తెలుసు కాబట్టి సరస్సు దాటే పనులు పొద్దున్నే చూసుకుంటారు. వారం రోజులకు వచ్చిన యాత్రికులకు ఆ సంగతి ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది.

మనిషి దిగిపోయిన కయాక్ ఎంత తేలికో ఆలోచించండి. గాలి వీస్తే అది ఈదేవాళ్లకంటే వేగంగా పోతుంది. ఒకవేళ అందినా, కాళ్లకు ఆధారం లేని నీటిలోంచి దానిమీదకు ఎక్కడం అభ్యాసం లేనివాళ్లకు చాలా కష్టం. లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి తేలుతూ సాయం కోసం ఎదురుచూడగలదు. అది లేని మనిషి అలసిపోయేదాకానే తేలగలదు.

బాలిలో మనం పడవ విహారం చేసే బాతూర్ కూడా అలాంటి అగ్నిపర్వత గుంటలోని సరస్సే. అక్కడ మనవాళ్లకు ఎప్పుడూ ఏమీ కాలేదు. అయినా అది తీసేశాను. ఆ సూర్యోదయం కోసమే వస్తామనేవారు మీలో ఉన్నారని తెలుసు. బాతూర్ కొండ ఎక్కడం మాత్రం ఉంటుంది. 1,717 మీటర్ల ఆ కొండ పైనుంచి అదే సరస్సు, అదే సూర్యోదయం కనిపిస్తాయి. చీకట్లో బయలుదేరతాం కాబట్టి ముందు ఒక స్థానిక గైడు, అందరికంటే వెనక మరొకరు నడుస్తారు. వెనక నడిచే గైడును దాటి ఎవరూ వెనకబడకూడదు. ఆయుంగ్ నదిలో రాఫ్టింగ్ కూడా ఉంటుంది. ప్రతి తెప్పలో గైడు ఉంటారు, హెల్మెట్, లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించరు. శ్రీలంక నైరుతి తీరంలో మే నుంచి సెప్టెంబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అందుకే ఆ తీరంలోని బేరువలకు వెళ్లే ఆయుర్వేద యాత్ర డిసెంబరు, మార్చి మధ్యనే పెడుతున్నాం. ధర తక్కువని జూన్‌లో పెట్టమని అడిగేవారికి నా జవాబు మారదు.

నీళ్ల సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటుంది. అది మన దేశంలోనే జరిగింది.

2018లో లాట్వియా దేశపు మహిళ ఒకరు మానసిక కుంగుబాటుకు చికిత్స కోసం సోదరితో కలిసి కేరళ వచ్చారు. తిరువనంతపురం దగ్గరి ఒక ఆయుర్వేద కేంద్రంలో దిగారు. మార్చి 14న ఫోను, పాస్‌పోర్టు వదిలేసి ఒంటరిగా బయటికి వెళ్లి, ఆటో ఎక్కి కోవళం చేరారు. ఆ తర్వాత కనిపించలేదు. సోదరి ఫిర్యాదు చేశారు. మొదట్లో పోలీసులు తన మాటను పట్టించుకోలేదని ఆమె తర్వాత బహిరంగంగానే అన్నారు. పరాయి భాష, పరాయి ఊరు. ఆమె ఫొటో ఉన్న పోస్టర్లు పట్టుకుని ఆ కుటుంబం ఊరంతా తిరిగింది. ఐదు వారాల తర్వాత, కోవళానికి ఎంతో దూరం లేని తిరువల్లం ప్రాంతంలో మడ చెట్ల మధ్య మృతదేహం దొరికింది. ఆమెపై అత్యాచారం, హత్య జరిగాయని తేలింది. 2022 డిసెంబరులో కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది.

ఇలాంటి కేంద్రాలకు ఒక స్వభావం ఉంది. అక్కడ ఒంటరిగా కూర్చునేవాళ్లు, మౌనం పాటించేవాళ్లు, భోజనం మానేసి గదిలో ఉండిపోయేవాళ్లు, చెప్పకుండా తోటలోకి నడిచి వెళ్లేవాళ్లు రోజూ ఉంటారు. హోటల్లో అతిథి పొద్దున ఫలహారానికి రాకపోతే ఎవరో ఒకరు గమనిస్తారు. ఇక్కడ రాకపోతే "ధ్యానంలో ఉన్నారేమో" అనుకుంటారు. మనసు బాగోలేక వచ్చినవాళ్ల విషయంలోనైతే "కాసేపు వదిలేయండి, ఏకాంతం కావాలి" అంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. అలా సాయంత్రం అయిపోతుంది.

దీనికి తోడు ఫోన్ల నిబంధన ఒకటి. మనం ఒప్పందం వదులుకున్న కేంద్రం అడుగుపెట్టిన రోజే ఫోన్లు తీసుకుని లాకర్‌లో పెడుతుంది. ప్రశాంతత కోసం అంటుంది. నాకు దానితో పేచీ లేదు. ఆ నాలుగు రోజులే తమకు నిజమైన విశ్రాంతి అని మీలో కొందరు కూడా చెప్పారు. కానీ ఫోను లాకర్‌లో పెట్టించుకున్న కేంద్రం, మనిషి గేటు దాటితే పుస్తకంలో రాసుకోవాలి కదా? మామూలు కీప్యాడ్ ఫోనైనా చేతిలో ఉండనివ్వాలని, గేటు దగ్గర రాకపోకల పుస్తకం పెట్టాలని అడిగాం. రెండూ కుదరవన్నారు. అక్కడి వంట, వైద్యం, వాతావరణం అన్నీ బాగుంటాయి. కొత్తగా ఎంచుకున్న చోటు అంత అందంగా లేదు, గదులు చిన్నవి. ఆ మాట ముందే చెబుతున్నాను.

ఇక మన బృందంలో ఏం చేస్తామంటే, ప్రతి ఒక్కరికీ ఒక జత ఉంటుంది, అంటే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే తోడు. దంపతులను జతగా వేయం, ఎందుకంటే ఇద్దరూ కలిసే బయటికి వెళ్తారు. పొద్దున ఆసనాల ముందు, మధ్యాహ్నం భోజనం దగ్గర, రాత్రి పడుకునే ముందు మా తమ్ముడో నేనో మిమ్మల్ని కళ్లారా చూస్తాం. మౌనవ్రతం ఉన్నవాళ్లు మాట్లాడనక్కర్లేదు, చెయ్యి ఎత్తితే చాలు. ఒక పూట కనిపించకపోతే గది తలుపు కొడతాం. గదిలో లేకపోతే గంటలోపు కేంద్రం, చుట్టుపక్కల వెతికి పోలీసులకు చెబుతాం, మీ ఇంటికి ఫోన్ చేస్తాం. "ఇంట్లో కంగారు పడతారు, కాసేపు ఆగుదాం" అని ఆగం. ఇది బడిపిల్లల పద్ధతిలా ఉందని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. అండీ, మీ స్వేచ్ఛను గౌరవిస్తాను. ఒంటరిగా తిరగడం ముఖ్యమైతే ఆ కేంద్రాలకు మీరే నేరుగా వెళ్లవచ్చు, చిరునామాలు నేనే ఇస్తాను. మాతో వస్తే మాత్రం ఈ పద్ధతి తప్పదు.

గుంటూరు నుంచి ఒకావిడ అడిగారు: "అక్కడ ఏదైనా అయితే ఎవరికి చెప్పుకోవాలమ్మా?" అందరికీ పనికొచ్చే ప్రశ్న. బాలిలో అత్యవసరానికి 112. డెన్‌పసార్‌లో మన దేశపు కాన్సులేట్ ఉంది. శ్రీలంకలో పోలీసులకు 119, అంబులెన్స్‌కు 1990. ఆ 1990 సేవ 2016లో భారత ప్రభుత్వ ఆర్థిక సాయంతో మొదలైంది. మన 108ను నడిపిన హైదరాబాద్ సంస్థే దాన్ని అక్కడ నిలబెట్టింది. కొలంబోలో భారత హైకమిషన్, అంటే మన రాయబార కార్యాలయం, ఉంది. ఇక్కడున్న కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రాయబార కార్యాలయం స్వయంగా గాలింపు చేయదు, పోలీసుల మీద అధికారం దానికి లేదు. కుటుంబానికీ అక్కడి పోలీసులకూ మధ్య మాట నడపడం, భాష దగ్గర, కాగితాల దగ్గర సాయపడటం దాని పని. కాబట్టి స్థానిక పోలీసు ఫిర్యాదు మొదట పడాలి. అది వేయడం మా పని.

అందుకే మీ ఇటీవలి ఫొటో, పాస్‌పోర్టు నకలు, వాడే మందుల వివరం, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు అడుగుతున్నాం. రెండో నంబరు మీ పిల్లలది కాకుండా ఊళ్లోనే ఉండేవాళ్లది అయితే మంచిది. అమెరికాలో అర్ధరాత్రి ఫోను ఎత్తకపోవచ్చు.

మందుల వివరం దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. షుగరు, బీపీ రాస్తారు. నిద్రకో, దిగులుకో వాడే మాత్రల సంగతి రాయరు. దయచేసి రాయండి. ఆ ఫారం నేను, మా తమ్ముడు తప్ప ఎవరూ చూడరు. అది చూసి ఎవరినీ రావద్దనం. అవసరమైతే మీకు ఇష్టమైన మనిషిని తోడు తెచ్చుకోమంటాం, వారి ఖర్చులో మా లాభం తీసుకోం. ఇంకొక మాట: ఏ కేంద్రంలోనైనా సరే "ఆ మాత్రలు ఆపేయండి, మా చికిత్స చాలు" అంటే అక్కడికక్కడ ఆపకండి. మీకు మందు రాసిన వైద్యుడితో నేనే ఫోన్లో మాట్లాడిస్తాను. మనసుకు వాడే మందులు ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం, అదీ తెలిసినవాళ్లు దగ్గర లేని చోట.

పెరిగిన ధరలో ఎక్కువ భాగం బీమాకు పోతోంది. మామూలు ప్రయాణ బీమా వైద్యం, పోయిన సామాను, పోయిన పాస్‌పోర్టు చూసుకుంటుంది. మనిషిని వెతికే ఖర్చు చాలా పాలసీల్లో ఉండదు. ఇప్పుడు అది కూడా ఉన్న పాలసీ తీసుకున్నాం. ఈ మాట రాయడం బాధగా ఉన్నా రాస్తున్నాను: మనిషి దొరకకపోతే మన సాక్ష్య చట్టం ప్రకారం మరణించినట్టు భావించడానికి సాధారణంగా 7 ఏళ్లు గడవాలి. అన్నేళ్లూ ఆ ఇంట్లో బ్యాంకు ఖాతా, పింఛను, ఇల్లు, అన్నీ చిక్కులే. దుఃఖపడటానికి కూడా వీల్లేని ఎదురుచూపు వేరే. అలాంటి ఇల్లు మాతో వచ్చినవాళ్లలో ఒక్కటీ ఉండకూడదన్నదే నా కోరిక. అందుకు ఒక కార్యక్రమం పోయినా, కొందరు కస్టమర్లు పోయినా నాకు సమ్మతమే.

బాతూర్ పడవ విహారానికి ముందే డబ్బు కట్టినవారికి ఆ మొత్తం ఈ నెలాఖరులోపు అదే ఖాతాకు తిరిగి వస్తుంది. ఈ మార్పులు నచ్చక యాత్ర మానుకునేవారికి వీసా రుసుము తప్ప మిగతాదంతా ఇచ్చేస్తాం, కారణం అడగం. వస్తామనేవారు ఫారం నింపి పంపండి. కాగితం మీద రాయడం ఇబ్బందైతే విజయవాడ ఆఫీసుకు రండి, లేదా సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి. మీరు చెబుతుంటే నేనే రాసుకుంటాను.