చిప్‌కు వడదెబ్బ

ఈ వేసవిలో మా దగ్గర వెండి చిప్‌లు కొన్నవారందరికీ నేను ఒక సంజాయిషీ బాకీ ఉన్నాను. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ నుంచి మీకు పంపినవాటిలో చాలా చిప్‌లు రావలసిన రామన్ సిగ్నల్ ఇవ్వలేదు. నమూనా మీద లేజరు వేస్తే చెదిరి వచ్చి, అందులో ఏ పదార్థం ఉందో చెప్పే కాంతే ఆ సిగ్నల్; దాన్ని పెంచడమే ఈ చిప్‌ల పని. తప్పు మీది కాదు, మాదే. ఈ ముక్క జూన్‌లోనే చెప్పి ఉండవలసింది. నా నోట అది రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

మొదట ఫోన్ చేసింది గుంటూరులో మిరపకారంలో సుడాన్ అనే కల్తీ రంగు కలిసిందో లేదో పరీక్షించే ఆవిడ. "ఏమండీ, మీ చిప్‌లకు వడదెబ్బ తగిలిందా?" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. పట్టకారు వాడకుండా చేత్తో తాకి ఉంటారనీ, ద్రావకం శుభ్రంగా లేదేమో చూసుకోమనీ నాలుగు మాటలు ఆమెకే అంటగట్టి ఫోన్ పెట్టేశాను. వారం తిరగకుండానే హైదరాబాద్ నుంచి ఇద్దరు అదే ఫిర్యాదు చేశారు. అమ్మా, ఆ రోజు అన్నదానికి మన్నించండి. అది వడదెబ్బే.

తిరిగి వచ్చిన పెట్టె నా బల్ల మీద విప్పాను. లేత బూడిద రంగులో మసకగా ఉండవలసిన చిప్ ముఖం మీద, బీరువాలో మరిచిపోయిన వెండి పట్టీల మీద కనిపించే పసుపు చాయ కనిపించింది. గంధకం తగిలితే వెండి అలాగే అవుతుంది. ఎక్కడిదా అని చూస్తే పెట్టె అడుగున పరిచిన మెత్త. గంధకం లేని నురుగు పంపుతానని ఒప్పుకున్న సరఫరాదారు ఒక్క మాటయినా చెప్పకుండా మామూలు రబ్బరు ముక్కలు పంపారు. ధర మాత్రం పాతదే తీసుకున్నారు. అడిగితే "చూడడానికి రెండూ ఒకటే కదండీ" అన్నారు. ఆ ఖాతా ముగిసింది. మే ఎండలో కొరియర్ వ్యాను ఉడికిపోతుంటే రబ్బరు పక్కన వెండి ఏమవుతుందో ఆయనకు తెలియకపోవచ్చు. విప్పి చూడకుండా పెట్టెలు కట్టించిన నాకు తెలియాలి.

అయితే రబ్బరు ఒక్కటే దోషి అయితే నేను ఇంత ఉత్తరం రాయను. మీలో చాలామంది నమూనా చుక్క తొందరగా ఆరాలని చిప్‌ను 100 డిగ్రీల పలక మీద పెడతారు. వెండి కరిగేది దాదాపు 962 డిగ్రీల దగ్గర కాబట్టి ఏమీ కాదని నేనే మీకు చెప్పేవాడిని. కడ్డీ వెండికి ఆ లెక్క సరే. మన చిప్ మీద ఉన్నవి పదుల నానోమీటర్ల మందం ఉన్న పుల్లలు. అంత సన్నని వెండిలో పైపొర పరమాణువులకు కుదురుండదు. కొంచెం సెగ తగిలితే చాలు, మొనల నుంచి జారి లోతట్టు చోట్లకు చేరతాయి. మొనలు గుండ్రబడతాయి, పక్కపక్క పుల్లలు అంటుకుంటాయి. సిగ్నల్‌ను లక్షల రెట్లు పెంచేది ఆ మొనలూ, వాటి మధ్య సందులూ. అవి పోయాక మిగిలేది ఉత్త వెండి.

దీనికి మందు ఉందని నాకు ఎప్పుడో తెలుసు. పుల్లల మీద పలచగా అల్యూమినియం ఆక్సైడ్ పూత వేస్తే అది వెండి పరమాణువులను కదలనివ్వదు, గంధకాన్నీ దగ్గరకు రానివ్వదు. తెలిసీ ఆరేళ్లు వేయలేదు. "పూత లేని వెండి" అని పెట్టెల మీద అచ్చు వేయించుకున్నవాడిని నేను. ఈ సిగ్నల్‌కు పేరిచ్చిన సి.వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పిన ఎ.వి.ఎన్. కళాశాల మీదుగా రోజూ పనికి వెళ్తాను, వెండితో సిగ్నల్ పెంచే ఈ విద్య 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో గరుకు వెండి మీదే బయటపడింది, దాని మీద ముసుగేమిటి అన్నది నా పట్టుదల.

పట్టుదలకు తోడు లెక్క కూడా ఉంది. పరీక్షించే పదార్థపు అణువు వెండికి ఎంత ఎడంగా ఉంటే సిగ్నల్ అంత ఘోరంగా పడిపోతుంది. 10 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి కణం తీసుకుంటే, 1 నానోమీటరు ఎడానికి 39 శాతం మిగులుతుంది, 2 నానోమీటర్లకు 16 శాతం. పూత యంత్రం ఒక్కో విడతకు వేసేది సుమారు 0.1 నానోమీటరు. అయిదు విడతలా, పదా, ఇరవయ్యా? జూలై అంతా నిద్ర పట్టలేదు. అయిదు వేస్తే పూతలో చిల్లులు మిగిలాయి. ఇరవై వేస్తే చిప్ రాయిలా నిలబడింది, కానీ నేను గొప్పగా చెప్పుకున్నదంతా పోయింది.

మధ్యలో ఇంకో దెబ్బ. పూత యంత్రం మాకు లేదు, బయట గంటల లెక్కన అద్దెకు తీసుకుంటాం. 50 డిగ్రీల దగ్గర నడపమని రాసి ఇచ్చినా, అక్కడివారు అలవాటు ప్రకారం 200 దగ్గర నడిపారు. చిప్‌లను వేడి నుంచి కాపాడే పూత పడేలోపే వేడి వాటిని తినేసింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గాలికి ఒకవైపు వాలిన వరిచేను కనిపించాలి. మరమరాలు పోసినట్టు కనిపించింది. ఆ ఫొటో గోడకు అంటించాను, నాకోసమే.

బంగారానికి మారమని కొందరు చెప్పారు. అది నల్లబడదు, నిజమే, కానీ మీలో సగం మంది దగ్గర ఉన్నది 532 నానోమీటర్ల పచ్చ లేజరు, ఆ కాంతికి బంగారం సరిగా పలకదు. టైటానియం నైట్రైడ్ వెండి కంటే చాలా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది కానీ వెండి ముందు దాని గొంతు బాగా చిన్నది.

చివరికి పది విడతల దగ్గర ఆగాను. తక్కువ వేడిలో నీటి ఆవిరి యంత్రంలోంచి త్వరగా పోదు కాబట్టి ప్రతి విడతకూ చాలాసేపు ఆగాలి, అద్దె పెరుగుతుంది. ధర పెంచడం లేదు. కొత్త చిప్ మొదటి రోజు పాతదానిలో మూడో వంతుకు కాస్త పైన సిగ్నల్ ఇస్తుంది. దాన్ని దాచను. పలక మీద ఆరబెట్టాక కూడా అంతే ఇస్తుంది. పాతది అలా ఇవ్వలేదు.

పండ్ల మీద థైరమ్ అనే బూజు మందు వెతికేవారు మాత్రం కొత్తవి కొనకండి. ఆ మందు తన గంధకంతో నేరుగా వెండిని పట్టుకుంటుంది, మధ్యలో పూత ఉంటే పట్టు తగ్గుతుంది. వారికి పూత లేనివే చేస్తాను. అవి మానేయమని ఎవరు చెప్పినా వినను. చల్లగా ఉంచండి, గాలిలోనే ఆరనివ్వండి.

ఏప్రిల్, మే చిప్‌లన్నిటికీ బదులు ఉచితంగా పంపుతున్నాం, పాతవి వెనక్కి పంపనక్కర్లేదు. మొదటి పెట్టె సోమవారం గుంటూరు వెళ్తుంది. "చేత్తో తాకవద్దు" అన్న ఎర్ర అక్షరాల చీటీ అందులోనూ ఉంటుంది. ఆవిడ మీద అనుమానంతో కాదు. అందరికీ పెడతాను.