మాణిక్‌గఢ్ గోడ మీద పేర్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి నుంచి మాణిక్‌గఢ్ కోటకు తీసుకెళ్ళినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు కోట గోడ మీద జామెట్రీ బాక్సులోని డివైడర్‌తో పేర్లు చెక్కారు. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో తిరగనే తిరిగింది. “రాయే కదా, ఇంత రాద్ధాంతమా” అని కొందరు, “టీసీ ఇచ్చి పంపేయండి” అని ఇంకొందరు ఫోన్లు చేస్తున్నారు. టీసీ ఇవ్వడం లేదు. రాయే కదా అన్నవారికి మాత్రం జవాబు చెప్పాలి.

మన చంద్రపూర్ జిల్లా గఢ్‌చాందూర్ దగ్గర, సముద్రమట్టానికి 507 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కోటను 9వ శతాబ్దంలో మానా నాగ రాజులు కట్టారని చెబుతారు. అక్బరు కాలపు లెక్కల్లో బేరారు సుబా (రాష్ట్రం లాంటిది) కింద మాణిక్‌దుర్గ్ అని ఒక సర్కారే (జిల్లా లాంటిది) ఉంది. మన రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆపైన బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, పక్క గూడెం స్నేహితుల దగ్గర గోండి వినే మన పిల్లలకు ఈ చరిత్రలో ఏ ముక్కా పరాయిది కాదు. ఇది పరీక్షలో రాదు. అందుకే బడిలో మేము, ఇంట్లో మీరు చెప్పి తీరాలి.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కోట దర్వాజాను టేపుతో కొలిచి, గళ్ళ కాగితం మీద స్కేలు ప్రకారం గీసింది. ఆఫీసు గదిలో పెట్టాను, తప్పక వచ్చి చూడండి. ఏడో తరగతి బాబు వాళ్ళ తాతమ్మను కూర్చోబెట్టి, సర్కారీ ఆఫీసు పనికి ఆదిలాబాదు ఎలా వెళ్ళేవారో, ఉర్దూ కాగితాలు ఎవరు చదివిపెట్టేవారో నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. ఎంత చక్కటి రాతో!

పేరు చెక్కిన పిల్లవాణ్ణి అడిగితే, “మా నాన్న పేరు కూడా అక్కడుంది మేడం” అన్నాడు. దీనికి నేనేం చెప్పాలో మీరే ఆలోచించండి. యాసిడ్ పోసి చెరిపేస్తామని ఒకరు ముందుకొచ్చారు. వారి మంచి మనసుకు కృతజ్ఞతలు, కానీ దయచేసి వద్దు, రాయి పైపొర పాడవుతుంది. ఇంకో మాట, ఆ రోజు టిఫిన్ డబ్బా పెట్టమని డైరీలో రాసినా చిప్సు ప్యాకెట్లే పంపారు. ఖాళీ ప్యాకెట్లు ఏరి కొండ దింపింది మా టీచర్లు.

యూనిట్ టెస్టు సోమవారం నుంచి, వ్యాను ఫీజు పదో తేదీలోగా, స్వెటరు యూనిఫాం రంగుదే.

వచ్చే శనివారం ఆరో తరగతిని వార్ధా నది ఒడ్డున బల్లార్‌పూర్ కోటకు తీసుకెళ్తున్నాం. పేర్లు చెక్కిన ఆ ఇద్దరు అబ్బాయిలే కోట చరిత్ర చదువుకుని చిన్నవాళ్ళకు చెబుతారు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పాడుచేస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అనుమతి పత్రం గురువారంలోగా సంతకం చేసి పంపండి. డబ్బాలో రొట్టె, కూర పెట్టండి. డివైడర్లు ఇంట్లోనే ఉంచండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు